పాఠకుల ప్రశ్నలు: ఫర్ సీల్ ఏం తింటుంది, ఆ సంగతి ఎలా తెలిసింది?

పోయిన సంచికలో దక్షిణ సముద్రపు దీవుల గురించి రాస్తూ మధ్యలో ఫర్ సీల్స్ మీద ఒక చిన్న పేరా రాశాను, అంతే, ఎక్కువ ఉత్తరాలు దాని మీదే వచ్చాయి, అవి కూడా చాలావరకు వాటి తిండి గురించే. నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఆ పేరా చదవనివాళ్ళ కోసం ఒక్క మాట. ఫర్ సీల్ అంటే బయటికి కనిపించే చిన్న చెవులు, ఒత్తయిన బొచ్చు, తెడ్డుల్లాంటి నాలుగు కాళ్ళ మీదా లేచి నడవగలిగే సీల్. అంటార్కిటికాకి ఉత్తరంగా సముద్రం మధ్యలో విసిరేసినట్టు కొన్ని దీవులు ఉన్నాయి, సౌత్ జార్జియా, మారియన్, క్రోజే, కెర్గెలెన్, హెర్డ్, మక్వారీ లాంటివి, ఈ సీళ్ళు పిల్లల్ని కని పెంచుకునేది అక్కడ.

ప్రశ్న: నెట్‌లో ఒకచోట ఫర్ సీల్ క్రిల్ తింటుందని ఉంది, ఇంకోచోట చేపలే తింటుందని ఉంది, ఒక వీడియోలో అయితే పెంగ్విన్‌ని పట్టుకోవడం చూశాను. వీటిలో ఏది కరెక్ట్ సార్?

జవాబు: మూడూ కరెక్టే, కాకపోతే ఏ దీవి దగ్గర అనేది చెప్పకుండా ఏ ఒక్కటి చెప్పినా తప్పైపోతుంది. పెంగ్విన్ సంగతి కింద ఇంకొకరు అడిగారు, అక్కడ చెప్తాను.

ముందు సౌత్ జార్జియా చూద్దాం. ప్రపంచంలో ఉన్న అంటార్కిటిక్ ఫర్ సీల్స్‌లో 95 శాతం దాకా పిల్లల్ని కనేది ఇక్కడే. ఈ దీవి చుట్టూ ఉన్న నీళ్ళు చల్లటివి, అంటార్కిటిక్ ద్వీపకల్పం వైపు నుంచి వచ్చే సముద్ర ప్రవాహాలు క్రిల్‌ని ఇక్కడికి మోసుకొస్తాయి. క్రిల్ అంటే రొయ్యలాంటి చిన్న ప్రాణి, బాగా పెరిగితే 6 సెంటీమీటర్లు, బరువు ఒక గ్రాముకి అటూ ఇటూ. ఇక్కడి ఆడ సీళ్ళు ఎండాకాలంలో (మనకి చలికాలం ఉన్నప్పుడు అక్కడ ఎండాకాలం) బతికేది ముఖ్యంగా దీని మీదే. క్రిల్‌తో పాటు మాకరెల్ ఐస్‌ఫిష్ అనే చేపని కూడా తింటాయి, దీని రక్తంలో హీమోగ్లోబిన్ ఉండదు, అందుకే రక్తం ఎర్రగా కాకుండా తేటగా ఉంటుంది. క్రిల్ మీద బతికే సీల్ అనగానే దానికి జల్లెడలాంటి పళ్ళు ఉంటాయేమో అనుకుంటాం. అదే సముద్రంలో ఉండే క్రాబ్‌ఈటర్ సీల్‌కి నిజంగానే అలాంటి పళ్ళు ఉన్నాయి, నీళ్ళు వదిలేసి క్రిల్‌ని ఆపేస్తాయి. ఫర్ సీల్‌కి ఆ ఏర్పాటు లేదు, మామూలు మొనదేలిన పళ్ళే, అయినా 30, 40 కిలోల జంతువు ఒక్కో గ్రాము ప్రాణుల్ని పట్టుకుని తను బతుకుతూ పిల్లకి పాలు కూడా ఇస్తుంది. క్రిల్ విడివిడిగా ఉంటే ఇది అయ్యే పని కాదు, అవి లక్షల్లో గుంపు కట్టి ఉంటాయి కాబట్టే నడుస్తోంది.

ఇప్పుడు మక్వారీకి వెళ్దాం. ఇది టాస్మేనియాకి అంటార్కిటికాకి మధ్యలో ఉన్న 34 కిలోమీటర్ల పొడవు దీవి, ఆస్ట్రేలియాది. ఇక్కడ కూడా అంటార్కిటిక్ ఫర్ సీల్ ఉంది, దాంతోపాటు సబ్అంటార్కిటిక్ ఫర్ సీల్, న్యూజిలాండ్ ఫర్ సీల్ కూడా ఉన్నాయి, వీటి మధ్య సంకర పిల్లలు కూడా పుడుతుంటాయి. సౌత్ జార్జియాలో క్రిల్ తినే అదే జాతి సీల్ ఇక్కడ క్రిల్ జోలికి పోదు, ఎందుకంటే ఆ దగ్గర్లో దానికి అందేటంత క్రిల్ లేదు. ఇక్కడ దాని తిండి లాంతరు చేపలు అనే చిన్న చేపలు, అందులోనూ ఎలెక్ట్రోనా సబాస్పెరా అనే ఒకే ఒక్క రకం చేప మిగతా అన్నిటినీ మించిపోతుంది. మారియన్, కెర్గెలెన్ దీవుల్లో కూడా లాంతరు చేపలదే పెద్ద వాటా, రకాలు మాత్రం మారుతుంటాయి.

దీనంతటికీ కారణం పోలార్ ఫ్రంట్ అనే ఒక గీత. గీత అంటే నిజంగా గీసిన గీత కాదు, దక్షిణం నుంచి వచ్చే చల్లటి నీళ్ళు ఉత్తరాన ఉన్న కొంచెం వెచ్చటి నీళ్ళ కిందకి దూరిపోయే చోటు, అంటార్కిటికా చుట్టూ వలయంలా ఉంటుంది. సౌత్ జార్జియా, హెర్డ్ దానికి దక్షిణాన ఉన్నాయి, మారియన్, మక్వారీ ఉత్తరాన, కెర్గెలెన్ దాని పక్కనే. ఆ గీతకి ఏ పక్కన ఉన్నామన్న దాన్ని బట్టి నీళ్ళలో ఉండే జీవాలు మారిపోతాయి. అందుకని ఎవరైనా "ఫర్ సీల్ ఏం తింటుంది" అని అడిగితే నేను ముందు "ఎక్కడి సీల్?" అని అడుగుతాను, ఆ తర్వాత "పిల్ల ఉన్న ఆడదా?" అని కూడా అడుగుతాను. ఆ రెండో ప్రశ్న ఎందుకో కింద తెలుస్తుంది.

ప్రశ్న: అవి నీళ్ళ కింద, అది కూడా రాత్రిపూట తింటాయని రాశారు. మరి ఏం తిన్నాయో మనుషులకి ఎలా తెలుస్తుందండీ? కడుపు కోసి చూస్తారా?

జవాబు: పాత రోజుల్లో అలాగే చేసేవాళ్ళు. ఇప్పుడు సీల్‌ని ముట్టుకోకుండానే చాలావరకు తెలిసిపోతుంది, వాటి మలం ద్వారా. చదవడానికి కొంచెం ఇబ్బందిగా అనిపించొచ్చు కానీ ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

సీళ్ళు ఒడ్డున పడుకుని లేచిన చోట మలం ఉంటుంది. దాన్ని సంచిలో వేసుకుని పరిశోధన కేంద్రానికి తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, సన్న కన్నాల జల్లెడల్లో వేసి నీళ్ళు పోస్తూ కడుగుతారు. మెత్తటిదంతా కొట్టుకుపోయాక జల్లెడ అడుగున మిగిలేవి చూడాలి: చేప ముళ్ళు, వెన్నుపూసలు, కంటి కటకాలు, క్రిల్ పెంకులు, అప్పుడప్పుడు స్క్విడ్ అనే మెత్తటి సముద్ర ప్రాణి గట్టి ముక్కు, వాటి మధ్యలో తెల్లగా మెరిసే చిన్న చిన్న రాళ్ళు. ఆ రాళ్ళే అసలు సంగతి. వాటిని ఒటోలిత్‌లు అంటారు, అంటే చెవిరాళ్ళు, చేప తల లోపల బ్యాలెన్స్ కోసం, వినడం కోసం ఉండేవి. లాంతరు చేప చెవిరాళ్ళు మీ చిటికెనవేలి గోటి మీద నాలుగైదు పట్టేంత ఉంటాయి. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఒక్కో జాతిది ఒక్కో ఆకారం, ఒకదాని అంచు నున్నగా, ఇంకోదాని అంచు రంపంలా, ఒకటి గుండ్రం, ఇంకోటి కోలగా. అలవాటైన మనిషి ఆ అంచు చూసి ఇది ఫలానా చేప అని చెప్పేస్తారు. దాని పొడవు కొలిస్తే చేప ఎంత పెద్దదో లెక్క కట్టొచ్చు. అంటే ఎక్కడో సముద్రంలో చీకట్లో సీల్ మింగిన చేప పేరు, సైజు రెండూ ఒడ్డున కూర్చుని చెప్పేస్తున్నారన్నమాట.

క్రిల్‌కి చెవిరాళ్ళు ఉండవు, కానీ వీపు పెంకు మిగులుతుంది, దాన్ని కొలిస్తే క్రిల్ పొడవు తెలుస్తుంది. క్రిల్ తిన్న సీల్ మలం గులాబీ రంగులో ఉంటుంది కాబట్టి దూరం నుంచే కొంత అర్థమైపోతుంది. సౌత్ జార్జియా కొసన బర్డ్ ఐలాండ్ అని చిన్న దీవి ఉంది, అక్కడ బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్ళ కేంద్రం ఉంది, దశాబ్దాలుగా ఈ పని ఆపకుండా చేస్తున్నారు. వాళ్ళు కొలిచేది సీల్ మలంలో పెంకుల్ని, కానీ దాంట్లోంచి ఆ ఏడాది సముద్రంలో క్రిల్ పెద్దవా చిన్నవా, కొత్త తరం వచ్చిందా లేదా అనేది కూడా బయటపడుతుంది. అంత ఓపికగా ఏళ్ళ తరబడి ఒకే పని చేసేవాళ్ళంటే నాకు నిజంగా గౌరవం.

ఈ పద్ధతికి లోపాలున్నాయి, దాచకూడదు. చిన్న చేపల చెవిరాళ్ళు కడుపులో యాసిడ్‌కి అరిగిపోతాయి, కొన్ని పూర్తిగా కరిగిపోతాయి, కాబట్టి చేప అసలు సైజు కన్నా చిన్నదిగా లెక్క తేలుతుంది, లేదా తిన్నట్టే తెలీదు. స్క్విడ్ ముక్కులు సీల్ కడుపులోనే ఉండిపోతాయి, తర్వాత వాటిని కక్కేస్తుంది, మలంలో తక్కువే వస్తాయి, దాంతో స్క్విడ్ తినదేమో అనిపిస్తుంది. ఇంకోటి, ఒడ్డుకి చేరేముందు ఒకటి రెండు రోజుల్లో తిన్నదే ఇందులో ఉంటుంది, పది రోజుల ప్రయాణంలో మొదటి రోజు తిన్నది సముద్రంలోనే పోయింది కదా.

అందుకే వేరే దారులు కూడా వాడతారు. మలంలో డీఎన్ఏ వెతికితే ముళ్ళు మిగలని ఎర కూడా దొరుకుతుంది, హెర్డ్ దీవి సీళ్ళ మీద ఇలా చేశారు. పాలలో ఉండే కొవ్వు రకాల్ని చూసి తల్లి ఏ రకం ఎర తిందో అంచనా వేస్తారు. ఇక మీసాలు. బొచ్చు ఏటా రాలి కొత్తది వస్తుంది కానీ మీసాలు అలా కాదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. ఒక్క మీసాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కలో నైట్రోజన్, కార్బన్‌ల బరువైన రకాలు ఎంతెంత ఉన్నాయో చూస్తారు. నైట్రోజన్‌ని బట్టి ఆహార గొలుసులో ఎంత పైమెట్టు ఎర తిందో తెలుస్తుంది, అంటే క్రిలా, చేపా అని, కార్బన్‌ని బట్టి దక్షిణాన చల్లటి నీళ్ళలో తిరిగిందా ఉత్తరానా అని తెలుస్తుంది. మగ సీల్ మీసం ఒకటి చాలు, కొన్నేళ్ళ డైరీ చదివినట్టే.

ప్రశ్న: నేను 9వ తరగతి చదువుతున్నాను. సీళ్ళు పగలు హాయిగా కనిపిస్తుంటే వేటాడకుండా రాత్రే ఎందుకు వేటాడతాయి? చీకట్లో వాటికి ఎలా కనిపిస్తుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావు. జవాబు సీల్ దగ్గర లేదు, దాని ఎర దగ్గర ఉంది.

క్రిల్ గానీ లాంతరు చేపలు గానీ పగలు లోతుల్లోకి దిగిపోతాయి, పైన వెలుతురులో ఉంటే అందరికీ కనిపించి తినబడతాయి కాబట్టి. సూర్యుడు దిగాక మెల్లగా పైకి వస్తాయి, ఎందుకంటే వాటికి కావాల్సిన తిండి పైపొరల్లోనే ఉంది, లాంతరు చేపలు తినే కోపిపాడ్‌లు అనే చాలా చిన్న ప్రాణులు కూడా అలాగే పైకొస్తాయి. తెల్లవారేలోపు మళ్ళీ కిందకి. లాంతరు చేపకైతే ఇది ఒక్క రాత్రిలో వందల మీటర్లు ఎక్కి దిగడం, చూస్తే అది మన అరచేతి అంత కూడా ఉండదు. దాని ఒంటి మీద వరసగా చిన్న చిన్న వెలుగు చుక్కలు ఉంటాయి, అందుకే లాంతరు అనే పేరు.

ఫర్ సీల్ మరీ లోతుకి వెళ్ళే జంతువు కాదు. గాలి కోసం పైకి రావాలి, ఒక్కో మునక మామూలుగా ఒకటి రెండు నిమిషాలే. ఎక్కువ మునకలు పైన 50 మీటర్లలోపే ఉంటాయి, ఎప్పుడైనా 200 మీటర్ల దగ్గరదాకా వెళ్ళినవి కూడా ఉన్నాయి గానీ అది రోజూ జరిగేది కాదు. మరి అలాంటి జంతువు పగలంతా లోతుకి దిగి ఎర వెతకడం కన్నా ఎర పైకి వచ్చేదాకా ఆగి రాత్రి దగ్గర్లో పట్టుకోవడం తేలిక కదా. కింగ్ పెంగ్విన్‌ని చూడు, అది కూడా అవే లాంతరు చేపల్ని తింటుంది, కానీ పగలు 100 నుంచి 300 మీటర్ల లోతుకి వెళ్ళి తింటుంది. ఒకే దీవి, ఒకే రకం తిండి, ఒకటి పగటి షిఫ్ట్, ఒకటి రాత్రి షిఫ్ట్.

ఇక చీకట్లో ఎలా కనిపిస్తుందంటే, సీల్ కళ్ళు పెద్దవి, తక్కువ వెలుతురుకి తగ్గట్టు ఉంటాయి. ఇందాక చెప్పిన మీసాలు నీటిలో కదలికని పసిగడతాయి, దగ్గర్లో చేప తోక ఊపినా తెలుస్తుంది.

ఇవన్నీ మనకి తెలిసింది సీల్ ఒంటికి అతికించే చిన్న యంత్రాల వల్ల, లోతుని, టైమ్‌ని రాసిపెట్టుకునేవి. మొదట్లో ఇవి ఇంత చిన్నవి కాదు. 1960ల్లో గెరాల్డ్ కూయ్‌మన్ అనే శాస్త్రవేత్త వెడెల్ సీల్ ఎంత లోతుకి వెళ్తుందో కొలవడానికి వంటింట్లో వాడే టైమర్‌తో పరికరం తయారు చేసుకున్నాడు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే పరికరం కొన్ని నెలల లెక్క దాచుకుంటుంది. నీకు ఇలాంటివి చేయడం ఇష్టమైతే గుర్తుపెట్టుకో, అతను కొన్నది కాదు, తయారు చేసుకున్నాడు.

ప్రశ్న: తల్లి వేటకి వెళ్ళి రోజుల తరబడి రాదని రాశారు. అన్ని రోజులు ఆ పిల్ల ఏం తింటుంది? చదివిన దగ్గర్నుంచి మనసు అదోలా ఉంది.

జవాబు: ఏమీ తినదండీ. ఖాళీ కడుపుతో ఎదురుచూస్తుంది. మీ మనసు అదోలా అవడంలో తప్పేం లేదు, నాకూ మొదట చదివినప్పుడు అలాగే అనిపించింది, కానీ ఆ పిల్ల ఒళ్ళు దానికి తగ్గట్టే తయారైంది.

పిల్ల పుట్టాక తల్లి ఓ వారం దాని పక్కనే ఉండి పాలిస్తుంది. ఆ తర్వాత సముద్రంలోకి వెళ్ళక తప్పదు, తన ఒంట్లో ఉన్న నిల్వ అయిపోతుంది కదా. అక్కడి నుంచి కొన్ని రోజులు సముద్రం, ఒకటి రెండు రోజులు ఒడ్డు, మళ్ళీ సముద్రం, ఇలా పాలు మాన్పించేదాకా నడుస్తుంది. పాలలో కొవ్వు 40 శాతం దాకా ఉంటుంది, ఆవుపాలలో 4 శాతం ఉంటుందని గుర్తుపెట్టుకుంటే అవి ఎంత చిక్కటి పాలో అర్థమవుతుంది. పిల్ల ఆ కొవ్వుని చర్మం కింద దాచుకుని మళ్ళీ తల్లి వచ్చేదాకా దాని మీదే నెట్టుకొస్తుంది.

ఎన్ని రోజులు అనేది మళ్ళీ దీవి మీద ఆధారపడుతుంది, మొదటి జవాబులో పిల్ల సంగతి అన్నది ఇందుకే. సౌత్ జార్జియాలో మామూలు సంవత్సరంలో తల్లి నాలుగైదు రోజుల్లో వచ్చేస్తుంది. మక్వారీలో లాంతరు చేపలు దగ్గర్లోనే దొరుకుతాయి కాబట్టి చాలాసార్లు సాయంత్రం వెళ్ళి తెల్లారేసరికి వచ్చేస్తుంది, ఒక్క రాత్రి పని. ఇప్పుడు హిందూ మహాసముద్రంలో ఆమ్‌స్టర్‌డామ్ అనే చిన్న ఫ్రెంచ్ దీవి చూడండి, మిగతా వాటికన్నా బాగా ఉత్తరాన ఉంటుంది, దాదాపు 38 డిగ్రీల దక్షిణ అక్షాంశం. అక్కడ సబ్అంటార్కిటిక్ ఫర్ సీల్ తల్లి లాంతరు చేపల కోసం వందల కిలోమీటర్లు వెళ్ళాలి. ఎండాకాలంలో ఒక ట్రిప్ పది పదకొండు రోజులు, చలికాలంలో మూడు వారాలు దాటిపోతుంది. చెవులున్న సీళ్ళన్నిటిలో అంత ఎక్కువ కాలం పస్తుండే పిల్లలు ఇవే. మక్వారీలో ఇదే జాతి తల్లి ఒక్క రాత్రిలో తిరిగొస్తోంది, గమనించారా. జాతి ఒకటే, తల్లి ప్రేమ ఒకటే, సముద్రమే వేరు.

ఇంకో తేడా ఉంది. అంటార్కిటిక్ ఫర్ సీల్ పిల్లకి పాలు నాలుగు నెలలే, సబ్అంటార్కిటిక్ ఫర్ సీల్ పిల్లకి పది నెలల దాకా. చల్లటి నీళ్ళలో ఎండాకాలం క్రిల్ విపరీతంగా ఉంటుంది, ఆ కాస్త టైమ్‌లో గబగబా పెంచేయాలి. ఉత్తరాన అంత ఒక్కసారిగా తిండి దొరకదు, ఏడాది పొడుగునా కొంచెం కొంచెం దొరుకుతుంది, అందుకే నిదానంగా పెంచుతుంది.

వేలమంది తల్లులూ పిల్లలూ ఉన్న ఒడ్డులో తిరిగొచ్చిన తల్లికి తన పిల్ల ఎలా దొరుకుతుంది అని కూడా మీరు అడగబోతారు. గొంతు. తల్లి నీళ్ళలోంచి పైకి రాగానే పిలవడం మొదలుపెడుతుంది, తన తల్లి గొంతు విన్న పిల్ల రాళ్ళ మధ్యలోంచి అరుస్తూ పరిగెత్తుకొస్తుంది, చివర్లో తల్లి ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి ఖాయం చేసుకుంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ దీవిలో చేసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది, పిల్ల పుట్టిన రెండు నుంచి అయిదు రోజుల్లో తల్లి గొంతు గుర్తుపట్టడం నేర్చుకుంటుందని, అది నేర్చుకున్నాకే తల్లి మొదటి వేటకి బయల్దేరుతుందని తేలింది. ఆ లెక్క నా మనసులో నిలిచిపోయింది, మీతో చెప్పాలనిపించింది.

ప్రశ్న: పెంగ్విన్‌లని నిజంగా తింటాయా?

జవాబు: తింటాయి, అన్నీ కాదు. మారియన్, మక్వారీ, హెర్డ్ దీవుల్లో పెంగ్విన్‌లని వేటాడటం చూశారు. మారియన్‌లో కింగ్ పెంగ్విన్‌ల వెంటపడి పట్టేవి మగ అంటార్కిటిక్ ఫర్ సీల్స్, అది కూడా కొద్ది సీళ్ళకి అబ్బిన అలవాటు లాంటిది. వీడియోల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది ఎందుకంటే ఒడ్డు మీద పట్టపగలు జరుగుతుంది, కెమెరాకి అందుతుంది. చీకట్లో 30 మీటర్ల లోతున లాంతరు చేపని మింగడం ఎవరు తీయగలరు. కాబట్టి ఫర్ సీల్ అంటే పెంగ్విన్‌ల వేటగాడు అనే ముద్ర వేయకండి. ఫర్ సీల్ పిల్లల్ని తినే జంతువు ఇంకోటి ఉంది, లెపర్డ్ సీల్, సౌత్ జార్జియాలో దాని భయం నిజమైన భయం.

ప్రశ్న: చుట్టూ ఉప్పునీళ్ళే కదా, మంచినీళ్ళు ఎక్కడ తాగుతాయి?

జవాబు: చాలావరకు తిండి నుంచే. చేప ఒంట్లో నీళ్ళు సముద్రమంత ఉప్పగా ఉండవు, పైగా కొవ్వు కరిగినప్పుడు ఒంట్లోనే నీళ్ళు తయారవుతాయి. క్రిల్‌తో కొంచెం కష్టం, దాని ఒంట్లో ఉప్పు సముద్రంతో సమానం, కాబట్టి క్రిల్ తినే సీల్ మూత్రపిండాలు ఎక్కువ పనిచేసి ఆ ఉప్పుని చిక్కటి మూత్రంగా బయటికి పంపాలి.

ప్రశ్న: ఒకప్పుడు వీటిని దాదాపు చంపేశారని, తర్వాత తిమింగలాలు తగ్గడం వల్ల క్రిల్ మిగిలి ఇవి పెరిగాయని ఎక్కడో చదివాను. నిజమేనా? ఇప్పుడు క్రిల్ కోసం మనుషులు కూడా వలలు వేస్తున్నారంట కదా?

జవాబు: మొదటి సగం పూర్తిగా నిజం. 1775లో జేమ్స్ కుక్ సౌత్ జార్జియా వెళ్ళొచ్చి అక్కడ సీళ్ళు ఉన్నాయని రాశాక కొన్నేళ్ళకే తోళ్ళ కోసం ఓడలు బయల్దేరాయి. 1820ల్లో జేమ్స్ వెడెల్ వేసిన లెక్క ప్రకారం అప్పటికే ఆ ఒక్క దీవి నుంచి 12 లక్షల తోళ్ళు వెళ్ళిపోయాయి. ఇందాక చెప్పిన వెడెల్ సీల్‌కి పేరొచ్చింది ఈయన నుంచే, ఆయన కూడా సీళ్ళ వేటకి వెళ్ళిన కెప్టెనే. మక్వారీ సంగతి ఇంకా ఘోరం, 1810లో ఆ దీవిని కనుక్కున్నారు, పదిహేనేళ్ళు కూడా తిరక్కుండా ఫర్ సీల్స్‌ని తుడిచిపెట్టేశారు. ఆ తర్వాత ఎప్పుడో 1930ల్లో బర్డ్ ఐలాండ్‌లో ఒక చిన్న గుంపు కనబడింది, 1950ల నుంచి అది ఆశ్చర్యపోయేంత వేగంగా పెరిగి లక్షలు దాటింది.

తిమింగలాల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. సౌత్ జార్జియాలో 1904 నుంచి 1960ల దాకా తిమింగలాల వేట కేంద్రాలు నడిచాయి, లక్షా 75 వేల తిమింగలాలు అక్కడ కోశారు. అవి తినాల్సిన క్రిల్ మిగిలిపోయి ఉంటుంది అనే వాదన వచ్చింది, 1977లో రిచర్డ్ లాస్ అనే శాస్త్రవేత్త ఆ మిగులుని ఏడాదికి 15 కోట్ల టన్నులుగా లెక్కకట్టాడు. సీళ్ళు అంత జోరుగా పెరగడానికి అది సాయపడి ఉంటుందని చాలామంది నమ్ముతారు, నాకూ అది సబబుగానే అనిపిస్తుంది, కానీ అదొక్కటే కారణం అనలేం. వేట ఆగిపోవడం కూడా చిన్న విషయం కాదు కదా.

క్రిల్ ప్రతి ఏడాదీ ఒకేలా రాదు. 1983-84 ఎండాకాలంలో సౌత్ జార్జియా దగ్గర క్రిల్ బాగా తగ్గిపోయింది. ఇలాంటి ఏడాదిలో ఏమవుతుందంటే తల్లి నాలుగైదు రోజుల్లో వచ్చేది రెట్టింపు రోజులు తిరుగుతుంది, అయినా కడుపు నిండదు, పిల్ల దాచుకున్న కొవ్వు అయిపోతుంది. సీల్ ఎన్ని రోజులు బయట తిరిగింది, పిల్ల ఎంత బరువుంది, ఈ రెండూ చూస్తే సముద్రంలోకి దిగకుండానే ఆ ఏడాది క్రిల్ పరిస్థితి అర్థమైపోతుంది. 1980లో సంతకాలు జరిగి 1982లో అమల్లోకి వచ్చిన అంటార్కిటిక్ సముద్ర జీవ సంపద ఒప్పందం, దాని ఆఫీసు హోబార్ట్‌లో ఉంది, ఈ సీళ్ళని అలాగే వాడుకుంటుంది, సముద్రం నాడి చూడటానికి.

ఇక వలల సంగతి. నైరుతి అట్లాంటిక్ భాగంలో క్రిల్ ఏడాదికి 6 లక్షల 20 వేల టన్నులు దాటి పట్టకూడదని ఆ ఒప్పందం కింద హద్దు పెట్టారు. మొత్తం క్రిల్‌తో పోలిస్తే ఇది తక్కువే అంటారు, అది కరెక్టే కావచ్చు, కానీ నా బాధ వేరే. పాలిచ్చే తల్లికి మొత్తం సముద్రంలో ఎంత క్రిల్ ఉందనేది పనికిరాదు, పిల్ల తట్టుకోగలిగిన రోజుల్లో వెళ్ళి రాగలిగినంత దూరంలో ఎంత ఉందనేదే కావాలి. అదే చోట, అదే నెలలో వల పడితే టన్నుల లెక్క చిన్నదే అయినా ఆ తల్లికి పెద్దదే. అందుకే ఎంత పట్టాలి అన్నదాంతో పాటు ఎక్కడ, ఎప్పుడు అన్నది కూడా అంతే గట్టిగా అడగాలి. వెచ్చటి సంవత్సరాల్లో సముద్రపు మంచు తగ్గితే కొత్త క్రిల్ పుట్టుక కూడా దెబ్బతింటుంది. సౌత్ జార్జియాలో ఫర్ సీల్స్ 2009 దాకా పెరిగి అక్కడి నుంచి తగ్గుతున్నాయి కూడా, కాబట్టి ఒకసారి కోలుకున్నాయి కదా అని వదిలేయడానికి లేదు.

ప్రశ్న: ఎవరూ ఉండని అంత దూరం దీవుల్లో కూడా సీళ్ళ కడుపులోకి ప్లాస్టిక్ వెళ్తోందా?

జవాబు: వెళ్తోంది. ఇందాక చెప్పిన జల్లెడలోనే అది కూడా దొరికింది. మక్వారీలో 1990ల్లో ఏరిన మలంలో, 150కి కాస్త తక్కువ నమూనాల్లో 160 పైన ప్లాస్టిక్ ముక్కలు తేలాయి, చాలావరకు కొన్ని మిల్లీమీటర్లవి. సీల్ అంత చిన్న ముక్కని పనిగట్టుకుని మింగదు. లాంతరు చేప రాత్రి పైకి వచ్చి తన తిండి అనుకుని దాన్ని మింగుతుంది, ఆ చేపని సీల్ మింగుతుంది, అలా వచ్చిందని ఆ పరిశోధకుల అభిప్రాయం. చెవిరాయి పక్కన ప్లాస్టిక్ ముక్క, ఒకే జల్లెడలో. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు ఇంకో పని మీద మనసు పోలేదు.

ప్రశ్న: పిల్లకి వేట ఎవరు నేర్పుతారు? తల్లి వెంట తీసుకెళ్తుందా?

జవాబు: లేదు. ఎవరూ నేర్పరు. తల్లి వెళ్ళినప్పుడల్లా పిల్లలు ఒడ్డు దగ్గర లోతులేని నీళ్ళలో గుంపుగా ఆడుకుంటాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి, సముద్రపు నాచుని పట్టుకుని విదిలిస్తాయి, మునిగి లేస్తుంటాయి. వాటికున్న శిక్షణ అదే. ఆ నాలుగు నెలల్లో దాచుకున్న కొవ్వు అరిగిపోయేలోపు క్రిల్‌ని గుర్తుపట్టి పట్టుకోవడం వచ్చేయాలి, మొదటి చలికాలం దాటని పిల్లలు చాలా ఉంటాయి.

అంటార్కిటిక్ ఫర్ సీల్‌లో పాలు మాన్పించేది తల్లి అనుకుంటాం కానీ చాలాసార్లు మానేసేది పిల్లే. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఒకరోజు తల్లి ఇంకా వేటలో ఉండగానే అది తనంతట తను సముద్రంలోకి వెళ్ళిపోతుంది. తల్లి పాలతో ఒడ్డుకి వస్తుంది, ఎప్పటిలాగే పిలుస్తుంది, పిల్ల ఉండదు. కాసేపు పిలిచి, ఆగి, మళ్ళీ పిలుస్తుంది. ఆ తర్వాత తనూ వెళ్ళిపోతుంది, కొన్ని పటగోనియా వైపు, కొన్ని దక్షిణాన మంచు అంచు దాకా, ఇక ఎనిమిది నెలలు తిండి తన ఒక్కదానికి దొరికితే చాలు.